నలభయ్యో రోజు రొట్టెలు

మందుల షాపులో వియోరికకు ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి చూసి, కూతురి రెక్క పట్టుకుని గబగబా బయటికి నడిచింది. కౌంటరు వెనకాయన, ఆమె పనిచేసే ఇంటి పెద్దావిడ మందుల చీటీ ముట్టుకోనైనా లేదు.

"ఎర్సీలియా గారి మందులు వాళ్లమ్మాయిని వచ్చి తీసుకెళ్లమను. నీకివ్వను."

"నేనేం చేశానండీ?"

"ఏం చేశావా! సిగ్గులేకపోతే సరి!" తలుపు దగ్గరున్న ముసలాయన ఫోను తెచ్చి ఆమె మొహం మీద పెట్టాడు.

అందులోని వీడియోలో ఉన్నది తనే. నిన్న సాయంత్రం బడి ఎదుట కొళాయి దగ్గర, ఆకుపచ్చ కోటులో, చేతిలో బుట్టతో పిల్లలకు రొట్టెలు పంచుతోంది. కింద పెద్దపెద్ద అక్షరాలు: "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన ఊళ్లో దిగింది. రొట్టెల్లో మత్తుమందు. ఒక పాప ఆస్పత్రిలో చావుబతుకుల్లో ఉంది. వెంటనే అందరికీ పంపండి."

మత్తుమందట! రుమేనియాలో వియోరిక తల్లి పోయి నిన్నటికి నలభై రోజులు. మట్టి చేయడానికి వెళ్తానంటే, "మా అమ్మని ఎవరు చూస్తారు?" అంది ఎర్సీలియా గారి కూతురు డొనాటెల్లా. వెళ్లలేకపోయింది. కనీసం నలభయ్యో రోజైనా జరపాలని, తెల్లవారుజామునే లేచి పిండి పిసికి, జడలా అల్లిన రొట్టెలు కాల్చింది. వాళ్ల ఊళ్లో అయితే పోయినవాళ్ల పేరు చెప్పి ఇరుగుపొరుగుకీ పిల్లలకీ పంచుతారు. తీసుకున్నవాళ్లు, దేవుడు ఆమెను మన్నించాలి అంటారు. ఈ ఇటలీ ఊళ్లో ఆ మాట అనేవాళ్లు లేరని తెలుసు. పిల్లలు తింటే చాలనుకుంది. ఆ మాట తనే లోపల అనుకుంది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో డొనాటెల్లా, ఒక పోలీసాయన కూర్చుని ఉన్నారు. వియోరికకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"కంగారుపడకమ్మా," అన్నాడు పోలీసాయన. "ఆస్పత్రిలో కనుక్కున్నాం. అక్కడ ఏ పాపా లేదు. మా పిల్ల కూడా నీ రొట్టె తింది. ఇంకోటి కావాలని ఇల్లు పీకి పందిరేసింది. ఇదంతా అబద్ధమని మా పేజీలో పొద్దున్నే పెట్టాం."

"మరి షాపులో ఎవరికీ తెలీదేంటండీ?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. "అది ఎవరూ ఎవరికీ పంపలేదు."

ఎందుకు పంపుతారు? అందులో మజా ఏముంది? పరాయి దేశపు మనిషి, చేతిలో బుట్ట, ఏడ్చే తల్లులు ఉంటేనే కదా వేళ్లు ఊరుకోనిది! ఆస్పత్రికి ఒక్క ఫోను చేస్తే తేలిపోయే మాట. ఊరు ఊరంతా చేతుల్లో ఫోన్లు పెట్టుకుని ఆ ఒక్క ఫోను చేయలేదు.

పోలీసాయన వెళ్లగానే డొనాటెల్లా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇలా కూర్చో. నేను వీడియో తీస్తాను. ఇక్కడి పద్ధతులు తెలీక చేశాను, అందర్నీ భయపెట్టినందుకు క్షమించండి అని చెప్పు. దాంతో గొడవ సద్దుమణుగుతుంది."

"తప్పు చేయందే క్షమాపణ ఎందుకండీ?"

"చెప్పకపోతే నిన్ను ఇంట్లో ఉంచుకోలేను వియోరికా. రేపు మా కిటికీల మీద రాళ్లు పడతాయి."

వియోరిక ఉండేదీ ఆ ఇంట్లోనే. పనితోపాటు గదీ పోతుంది. ఇలాంటి పేరు మోస్తూ వెళ్తే ఇంకే ఇంట్లో గుమ్మం ఎక్కనిస్తారు? అయినా ఒక సంగతి ఆమెను పట్టి పీకుతోంది.

"మీకు ఆ రొట్టెల వీడియో ఎప్పుడొచ్చింది?"

డొనాటెల్లా తల వంచుకుంది. "రాత్రే. మా చుట్టాల గ్రూపులో నేనూ పంపాను."

"నన్ను గుర్తుపట్టలేదా? ఈ కోటు మీరిచ్చిందే కదండీ!"

"పూర్తిగా చూళ్లేదే. పిల్లలనేసరికి గుండె గుభేలుమంది. ఎందుకైనా మంచిదని పంపేశాను."

ఎందుకైనా మంచిదని! నాలుగేళ్లుగా ఈవిడ తల్లికి ఒళ్లు తుడిచి, చెంచాతో సూపు తాగించిన మనిషిని, ఎందుకైనా మంచిదని పిల్లల్నెత్తుకుపోయేదాన్ని చేసింది. వియోరికకు ఒళ్లంతా మండింది.

"నేను చెప్పను," అంది.

"ఏంటీ?"

"క్షమాపణ చెప్పనండీ. మా అమ్మ పేరున పంచిన రొట్టె అది. ముందు మీరు చెప్పండి."

"సరే, నేను పంపింది తీసేస్తాను. ఇక చాలా?"

"తీసేస్తే చాలదు. రాయండి. చూడకుండా పంపాను, అది అబద్ధం, ఆవిడ మా అమ్మను చూసుకునే వియోరిక అని రాయండి."

"మా వాళ్లంతా నవ్వుతారే!"

"నవ్వనివ్వండి. మిమ్మల్ని చూసి నవ్వుతారు. నన్ను చూసి పిల్లల్ని లాక్కుని పారిపోతున్నారు."

డొనాటెల్లా చేతిలో ఫోను మోగింది. గ్రూపులో ఆవిడ మేనత్త ఆ వీడియోనే మళ్లీ పంపింది. కింద ఒక ముక్క రాసింది. "మీ అమ్మ దగ్గరా ఇలాంటిదే ఒకతి ఉంది కదా, ఓ కంట కనిపెట్టుకుని ఉండు."

డొనాటెల్లా ఫోను బోర్లించబోయింది. వియోరిక అప్పటికే చదివేసింది.

"ఆవిడకే ముందు రాయండి," అంది కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటూ.