పేరుకే ఓనరు

పొద్దున్నే బండి తుడవడం ఆ ఇంట్లో ఎవరూ ఆమెకు అప్పజెప్పిన పని కాదు. పెళ్ళైన కొత్తలో, బండి కూడా కొత్తగా ఉన్నప్పుడు, ఒకరోజు ముచ్చటపడి తుడిచింది. మర్నాడు తుడవకపోతే భర్త, "ఏం, ఇవాళ బండి తుడవలేదే?" అని అడిగాడు. అంతే, పదమూడేళ్ళు గడిచిపోయాయి. కుక్కర్ పెట్టి, అది మూడు కూతలు వేసేలోపు పాత బనియను ముక్కతో టాంకు, సీటు, చక్రాల ఊచలు తుడిచి రావాలి.

ఆ రోజు ఇంజను కింద నేలమీద నల్లటి చుక్క కనిపించింది. వేలితో తాకి వాసన చూసింది. ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. ఏ చుక్క కనబడ్డా అదెక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా ఆమెకు తోచదు.

"ఆయిలు కారుతోందండీ."

"బండి గురించి నీకేం తెలుసు? తుడిచే దానివి తుడువు, చాలు," అన్నాడు భర్త షూ లేసు ముడేసుకుంటూ.

కోపం రాలేదు. నిజంగానే ఆలోచనలో పడింది. తనకేం తెలుసు? వీధి మలుపులో ఉండగానే చప్పుడు విని ఆయన ఏ మనసుతో వస్తున్నాడో చెప్పగలదు. గేరు మెత్తగా మారితే టీ పెట్టొచ్చు. విరుచుకుపడినట్టు మారితే నోరు మెదపకుండా కంచం పెట్టాలి. చలికాలం చోక్ లాగందే కదలదని తెలుసు. కానీ లోపల ఏం జరుగుతుందో తెలీదు. ఇన్నేళ్ళు రోజూ ముట్టుకుంటున్న వస్తువు కడుపులో ఏముందో ఒక్కసారైనా ఎందుకు అడగలేదు తను? ల్యాబులో ముక్కూ మొహం తెలియని మనుషుల రక్తం గురించి అంత పట్టించుకుంటుందే!

మర్నాడు బండికి పక్కన బిగించిన పెట్టె తెరిస్తే, కొన్ననాడు ఇచ్చిన పుస్తకం దొరికింది. ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. దాన్ని సంచిలో వేసుకుని, మధ్యాహ్నం తిండి తింటూ ఒక చేత్తో పేజీలు తిప్పింది. గాలీ పెట్రోలూ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. నిమిషానికి కొన్ని వేలసార్లు ఇదే తంతు. ఇంత చిన్న డబ్బాలో ఇంత సంసారం ఉందా అనుకుంది.

ఆ వారంలోనే, ఇద్దరూ పనులకు వెళ్తుండగా నాలుగురోడ్ల కూడలిలో బండి ఆగిపోయింది.

"నీ బరువుకే ఆగిపోయింది. దిగు," అన్నాడాయన గట్టిగా. పక్కన ఆగిన ఆటోలో ఎవరో నవ్వారు. దిగి నిలబడింది. ఆయన పదకొండుసార్లు కిక్కు కొట్టాడు. చెమటలు కారుతున్నాయి. ఆమె వంగి చూసింది. ప్లగ్గు మీద ఉండాల్సిన నల్లటి టోపీ ఊడి పక్కకు వేలాడుతోంది. పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు.

"ఒక్క నిమిషం ఆగండి," అని వేళ్ళతో పట్టుకుని దాన్ని గట్టిగా నొక్కింది. టక్కుమంది. "ఇప్పుడు కొట్టండి."

ఒక్క కిక్కుకే లేచింది. "ఎక్కు, లేటవుతోంది," అన్నాడు.

సాయంత్రం ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతుంటే ముందుగదిలోంచి భర్త వాళ్ళమ్మతో అంటున్న మాటలు వినపడ్డాయి. "దారిలో బండి ఆగిపోయిందమ్మా. ప్లగ్గు టోపీ ఊడింది. నొక్కి పెట్టా."

ఆమె చేయి ఆగింది. ఆయన గొంతులో అబద్ధం చెప్పేవాడి తడబాటు లేదు. నిజంగానే అలా గుర్తుందేమో. తను చేసిన పని ఆయన చేతిలోకి ఏ సందు దగ్గర మారిందో, ఇన్నేళ్ళలో ఇలా ఎన్ని పనులు చేతులు మారాయో లెక్కేయాలనిపించింది.

అత్తగారు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చింది. "టోపీ ఊడిందని వాడికెలా తెలిసిందే? చిన్నప్పుడు సైకిలు చైను ఎక్కించడం కూడా వచ్చేది కాదు."

"ఏమో అత్తయ్యా."

"ఏమో ఏంటి? నీ గోళ్ళలో ఆ మసేంటి?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. అత్తగారూ నవ్వింది, గొంతు బయటికి రాకుండా.

రెండు నెలలకు, ఆఫీసులో పక్క సీటాయన కారులో వెళ్ళొచ్చే ఏర్పాటు కుదిరి, భర్త బండి అమ్మేద్దామన్నాడు. ఎవరినీ అడగలేదు, చెప్పాడంతే. ఆదివారం పార్సిళ్ళు పంచే ఆవిడొకరు చూడ్డానికి వచ్చింది. చుట్టూ తిరిగి, మోకాళ్ళమీద కూర్చుని, ఒక్కోటీ అడిగింది. చైను ఎప్పుడు మార్చారు? ఆయిలు కారడం ఎప్పటినుంచి? ఆయన ప్రతిదానికీ "మొన్నీమధ్యే" అన్నాడు. గుమ్మంలోంచి ఆమె సరైన నెలలు చెప్పింది. మూడో ప్రశ్నకు ఆ పార్సిళ్ళావిడ ఆయనవైపు చూడటం మానేసింది.

కాగితాలు తిరగేసి, "బండి అక్క పేరుమీదుందే," అంది.

"అది పేరుకేనమ్మా. అప్పట్లో నా అడ్రసు కాగితాలు సరిగ్గా లేక ఆమె పేరున తీశా. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు," అని భార్యకు పెన్ను ఇచ్చాడు.

కొన్నప్పుడూ ఇలాగే ఆయన వేలు చూపించిన చోట పెట్టింది. దేనికని అడగలేదు. వెలిసిపోయిన ఆర్సీ కార్డుమీద తన పేరు, తన ఇంటిపేరు. అయితే ఇన్నాళ్ళూ తన బండినే తను తుడుచుకుంటోందన్నమాట.

"నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది ఆవిడని.

"ఎవరికక్కా?"

"నాకే."

"ఈ వయసులో ఇప్పుడు దేనికి?" అన్నాడు భర్త.

"ఏమో. ఎలా ఉంటుందో చూడాలనుంది," అని పెన్నుకు మూత పెట్టింది.

"పేరున్నదాన్ని అడక్కుండా బేరం పెట్టడమేంట్రా?" అంది లోపలినుంచి అత్తగారు.

పార్సిళ్ళావిడ నవ్వింది. "కొందామని వస్తే పాఠం చెప్పమంటున్నావా అక్కా? సరే, వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తా."

ల్యాబు వెనక ఖాళీ స్థలంలో ఐదు ఆదివారాలు. రెండుసార్లు పడింది. మోచేయి గీసుకుపోయింది. లైసెన్సు పరీక్ష రెండోసారికి గట్టెక్కింది. ఆ తర్వాత తన ఉద్యోగానికి తనే వెళ్ళడం మొదలుపెట్టింది.

ఒక సోమవారం పక్క సీటాయన కారు షెడ్డుకు వెళ్ళింది. భర్త కాసేపు గేటు దగ్గర అటూ ఇటూ తిరిగి, గొంతు సవరించుకున్నాడు. "నన్ను ఆఫీసు దగ్గర దింపుతావా?"

"ఎక్కండి."

ఎక్కాడు. బండి కదిలింది, కానీ వెనక బరువు కుదురుగా లేదు. ఆపి తల తిప్పింది. పదమూడేళ్ళు ఆ బండి నడిపిన మనిషి, రెండు కాళ్ళూ గాల్లో వేలాడేసుకుని, మెల్లగా అడిగాడు.

"కాళ్ళెక్కడ పెట్టుకోవాలి?"