దొంగ ప్రవేశించే పాట

నాటకాలాడించే మరిది కాళ్ళావేళ్ళా పడితే తప్ప పాటల టీచరు ఆ రిహార్సల్ హాలు గడప తొక్కలేదు. శాస్త్రీయ సంగీతం నేర్పే మనిషికి స్టేజీ పాటలంటే గిట్టదు. కానీ కొత్త సంగీత నాటకంలో దొంగ వచ్చే పాటకి బాణీ కుదరక మరిది జుట్టు పీక్కుంటున్నాడు. "ఒక్కదాన్నే ఇంట్లో ఉంటే ఏం తోస్తుంది?" అంటూ అత్తగారు కూడా బయల్దేరింది.

హాల్లో సగం రంగేసిన అట్ట గోడలు, దుస్తుల పెట్టెలు, మధ్యలో ఒక హార్మోనియం. గురువుగారి దగ్గర నేర్చుకుని అపురూపంగా దాచుకున్న బాణీని టీచరు కళ్ళు మూసుకుని, నింపాదిగా అందుకుంది. కళ్ళు తెరిచేసరికి తబలా ఆయన ఆవలింతను అరచేత్తో కప్పుకుంటున్నాడు. దొంగ వేషం వేసే బక్కపలచటి నటుడు మర్యాదకి తలూపుతూ ఊపుతూ కునుకులోకి జారిపోయాడు.

ఆమె మొహం చిన్నబోయింది. అంతలో వెనక నుంచి చప్పట్లు! మెచ్చుకోలు కాదు, తాళం. దుస్తుల పెట్టె మీద కూర్చున్న అత్తగారు అదే బాణీని పరుగులు పెట్టిస్తోంది:

"తాళమెక్కడ వేసినావే తలుపు మూయకుండా,
దొంగ వచ్చి నవ్విపోడా దోచుకోకుండా!"

"అత్తయ్యా! అది మా గురువుగారి బాణీ!"

"కాదన్నానా? వాళ్ళ నాన్న మా నాటకాల కంపెనీలో హార్మోనిస్టు. నేను దొంగ పెళ్ళాం వేషం కట్టేదాన్ని. ఆయనే ఈ పాటకి మాటలు తీసేసి, మొహం కడిగి, మెల్లగా నడవడం నేర్పి కచేరీకి పంపాడు."

"అయితే ఇది స్టేజీ పాటా?"

"స్టేజీకి మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా? ఆస్థాన గాయకుడి దగ్గర విని ఎత్తుకొచ్చాం. ఆయనేమో ముసుగేసుకొచ్చి మా నాటకం చూసేవాడు! పాటకి పుట్టిల్లు ఒకటైతే మెట్టిళ్ళు పది, అమ్మాయ్."

మరిది నోరెళ్ళబెట్టాడు. "నువ్వు నాటకాలాడావా అమ్మా? ఎప్పుడూ చెప్పలేదే!"

"నాటకాలు మాని చదువుకోరా అని నిన్ను తిట్టిన నోటితో ఆ ముక్కెలా చెప్పను?"

టీచరుకి నవ్వొచ్చింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, హార్మోనియం దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ పాడండి అత్తయ్యా, గమకం ఎక్కడ పడుతోందో చూస్తాను." ఆ మధ్యాహ్నమంతా కోడలు రాగం చక్కబెడుతుంటే, అత్తగారు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి దొంగకి అడుగులు నేర్పింది.

నాటకం రోజున దొంగ తలుపు తోసుకొచ్చి పాట అందుకోగానే హాలు ఊగిపోయింది. పాట అవగానే పోలీసు సంకెళ్ళు వేసేశాడు. జనం ఊరుకుంటేనా? "వన్స్ మోర్!" అని ఒకటే గోల. పాపం, పోలీసే సంకెళ్ళు విప్పి దొంగని మళ్ళీ తలుపవతలికి సాగనంపాడు. మూడోసారి కూడా సాగనంపాల్సొచ్చింది. తెర పక్కన హార్మోనియం ముందున్న టీచరు ఉత్సాహం పట్టలేక వేగం ఇంకాస్త పెంచింది.

"టీచరుగారూ, కొంచెం మెల్లగా! దొంగకి మాత్రం ఊపిరాడొద్దా?" అని నటుడు అక్కణ్ణించే దణ్ణం పెట్టాడు.

అదీ నాటకంలో మాటే అనుకుని, జనం మళ్ళీ వన్స్ మోర్ కొట్టారు.