పురుగు పట్టని చేపలు

శానిటరీ ఇనస్పెక్టరు నారాయణమూర్తిగారు అంతర్వేది ఇసుకలో ఎండబెట్టిన నా నెత్తళ్ళను గోనెసంచుల్లోకి ఎత్తిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు గంపల ఎండుచేపలు. వానల్లో పడవలు కదలని నెలల్లో అవి అమ్మితేనే మా ఇంటికి బియ్యం.

"కొత్త చట్టమమ్మా మాణిక్యం. తినే వస్తువులో విషం కలిస్తే పట్టుకోవాల్సిందే," అన్నాడాయన.

"విషమేంటండీ? నిరుడు మలేరియావోళ్ళు ఇంటింటికీ వచ్చి గోడలకి కొట్టేరు కదండీ ఆ దోమల మందు! మనుషులకేం కాదని మీ సర్కారోళ్ళే చెప్పేరు. ఈగలు వాలకుండా గుప్పెడు చల్లితే ఇప్పుడు విషమైపోయిందా?"

"గోడలు ఎవరైనా తింటారా?"

"ఈ చేపలు మేమూ తింటన్నామండి. చచ్చేమా?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు నవ్వారు. నాకు ఊపు వచ్చింది. జీతాలు తీసుకుంటూ పేదల పొట్ట కొడుతున్నారని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "అయితే మీ ఇంట్లో చేపల కుండ తెప్పించు, చూస్తాను," అన్నాడు.

నేను అడ్డుపడేలోపే నా కోడలు లోవమ్మ పరుగెత్తి కుండ తెచ్చింది. ఇనస్పెక్టరు మూత తీసి వాసన చూశాడు. ఒట్టి ఉప్పు వాసన.

"మేం తినేవాటికి మందెయ్యదండి మా అత్త. ఆ కంపు పడదండి. ఉప్పేసి విడిగా దాత్తాది," అంది ఆ వెర్రిది, నన్ను కాపాడుతున్నాననుకుని.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గొయ్యి తవ్వించి, చేపలు పోయించి, కిరసనాయిలు గుమ్మరించి అంటించారు. వారం రోజులు లోవమ్మను తిడుతూనే ఉన్నాను. కొన్నవాళ్ళు వేడినీళ్ళతో కడుక్కుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అని నా ఏడుపు.

అమ్మడానికి ఇంకేం మిగల్లేదు. ఇంటి కుండే నెత్తిన పెట్టుకుని రాజోలు సంతకి వెళ్ళాను. ఏళ్ళ తరబడి నా దగ్గరే కొనే మార్తమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"పోయిన నెల నువ్విచ్చినవి ఎంత బాగున్నాయే వదినా! ఒక్క పురుగు లేదు. మా అమ్మాయి బాలింత కదా, పథ్యంలోకి రోజూ అవే పెడతన్నాను."

కుండలో చేపలన్నీ ఆవిడ బుట్టలో పోసేశాను.

"డబ్బులొద్దు. ఇంట్లో ఉన్నవి పారబొయ్యి వదినా. ఈగలకని దోమల మందు చల్లేను."

మార్తమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"మీరూ అవే తిన్నారా?"

ఇనస్పెక్టరుకి గట్టిగా చెప్పిన అబద్ధం ఆవిడ ముందు నోట్లోంచి రాలేదు. మార్తమ్మ బుట్ట బోర్లించి, నా చేపలు నా కాళ్ళ మీదే పోసి, ఇంటివైపు పరుగెత్తింది.