ఇంటి మనుషుల కూలి

మూడోసారి కూడా మిషను ద్వాలి వేలిముద్రను పట్టుకోలేదు.

"నీళ్లతోని మంచిగ కడుక్కో వదినా," అన్నాడు కోటేష్. ఈ తండాలోనే పుట్టినవాడు. ఇప్పుడు అశ్వారావుపేటలో బొప్పాయి మొక్కలమ్మే నర్సరీకి ఏజెంటు. మొక్కల రాయితీకి పట్టాదారు వేలిముద్ర కావాలి. పోడు పట్టా ద్వాలి పేర ఉంది గనుక ఆమెను కోత మధ్యలోంచి పిలిచారు. తెల్లవారినప్పటి నుంచి కాయలు కోస్తున్న చేతులవి. బొప్పాయి పాలు కారి కారి వేళ్ల కొసల చర్మం ఊడిపోయింది. బోరు దగ్గర చేతుల మీద నీళ్లు పోసుకుంటే ప్రాణం పోయినంత పనైంది.

ఉన్నది మూడెకరాలు. ఎకరం మామిడి, ఎకరం జామ, ఎకరం బొప్పాయి. మామిడి పూత రెండేళ్లుగా నిలవడం లేదు. జామను అడవి కోతులు పిందె మీదే తుంచేస్తున్నాయి. కాస్తో కూస్తో డబ్బు చూపిస్తున్నది బొప్పాయి ఒక్కటే. మామిడి, జామ కొట్టేసి మొత్తం బొప్పాయే పెడితే ఎకరానికి లక్షన్నర మిగులుతుందని కోటేష్ ఫోనులో లెక్క తీశాడు. ద్వాలి మొగుడు భీమ్లా మొహంలో చాలా రోజులకు కాస్త కళ వచ్చింది. పాపం, ఏదో ఒకటి నమ్మకపోతే మనిషి బతికేదెలా?

వాళ్ల కూతురు సంగీత మామిడి నీడన కూర్చుని కాయలకు పాత పేపర్లు చుడుతోంది. పాల్వంచలో ఇంటర్ చదువుతూ సెలవులకు వచ్చింది. లేచి వచ్చి కోటేష్ చేతిలోని ఫోను అందుకుని చూసింది.

"యాడీ, ఎరువులు, మందులు, లారీ కిరాయి అన్నీ రాసిండు. కోత కూలి కాడ సున్నా పెట్టిండు," అని తల్లికి చెప్పింది.

కోటేష్ నవ్వాడు. "కోసేది ఇంటి మనుషులే గదా! బయటోళ్లనైతే మనిషికి నాలుగొందలియ్యాలె. గట్లయితే ఏం మిగుల్తది?"

"మూడెకరాలు నేనొక్కదాన్నే కొయ్యాల్నా?" ద్వాలి మొగుణ్ణి అడిగింది.

భీమ్లా కూతురి వైపు చూడలేదు. "పిల్ల ఇంటికాడ ఉంటది. ఒక్క రెండేండ్లు."

సంగీత ఫోను తిరిగి ఇచ్చేసింది. వచ్చే నెలలోనే కాలేజీ తెరుస్తారు. కాయల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ద్వాలికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ మిగిలిందని సంబరపడిన ప్రతి రూపాయీ తన వేళ్ల నుంచి ఒలిచిందేనని ఇప్పుడు తెలిసింది. ఇక పిల్ల వేళ్లు కూడా కావాలన్నమాట.

"ఇంకోసారి పెట్టు వదినా, జల్దీ. నెట్ పోతది." కోటేష్ మిషను ముందుకు జరిపాడు.

ద్వాలి బొటనవేలిని దాని మీదికి తెచ్చింది. తెచ్చి, మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

"ముందుగాల నా కూలి రాయి. పిల్లది గూడ రాయి. రాసినంక ఏం మిగుల్తదో చెప్పు."

"రాస్తే ఏం మిగలదే!" అని అరిచాడు భీమ్లా. అరిచి, గట్టు మీద కూలబడ్డాడు. "మరి ఏం పెట్టుకొని బతుకుదాం? నువ్వే చెప్పు."

మిషను ఎర్రగా వెలుగుతూనే ఉంది. మండుతున్న వేళ్లను ద్వాలి ఇంకా గట్టిగా బిగించింది.