ఏడో నంబరు చొక్కా

సోమవారం పొద్దున మిల్లు హాకీ జట్టు బట్టలు ఉతకడం పిన్ని పని. ఆమె అసలు ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు గానీ కాగితం మిల్లులో అందరికీ పిన్నే, ఆమెకన్నా రెండేళ్ళు పెద్దవాడైన కోచ్‌కి కూడా. మైదానం పక్కన రేకుల గది, అందులో రెండు సిమెంటు తొట్లు, ఒక పంపు. పదహారు చొక్కాలు, పదహారు స్కర్టులు, పదహారు జతల మేజోళ్ళు. చొక్కాలూ స్కర్టులూ ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి, మేజోళ్ళు మాత్రం ముప్ఫై ఒకటే తేలతాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ మిగిలిన ఒక్కటీ ఎక్కడికి పోతోందో ఆ దేవుడికే తెలియాలి.

మామూలు రోజుల్లో తొమ్మిదింటికల్లా అన్నీ ఆరేసి, టీ తాగి, కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఈ ఏడు మధ్యాహ్నం రెండు దాటినా పని తెమలడం లేదు. జట్టు వరసగా తొమ్మిది మ్యాచ్‌లు ఓడింది మరి. మట్టి నాలుగు జాడింపులకు వదులుతుంది, చెమట సబ్బుకు వదులుతుంది, ఓటమి దేనికీ వదలదు. ఓడిన ప్రతిసారీ ఒంటిమీదున్న చొక్కా నాలుగు కిలోలు బరువెక్కుతుంది, రెండు రోజులు ఎండలో ఆరేసినా తగ్గదు. తొమ్మిది ఓటములయ్యేసరికి దండేలు తెగిపోతుంటే పిన్ని మెకానిక్ వెంటపడి ఇనుప గొట్టం వేయించుకుంది. ఆ మహానుభావుడు అదీ వంకరగా బిగించి పోయాడు.

ఎక్కడానికి అన్ని వారాలు పట్టినా దిగడం మాత్రం ఒక్క క్షణం పని. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు, ఎన్ని ఓటములున్నా ఆఖరి ఈల మోగగానే అన్నీ ఒకేసారి దిగిపోతాయి. అందుకే సీజను మధ్యలో చొక్కా మార్చడం అనేది లేదు. ఒకరు తప్పుకుంటే ఆ నంబరు చొక్కా బరువుతో సహా తర్వాత వచ్చినవాళ్ళది. వాళ్ళు దాంతో గెలిస్తే, అంతకుముందు మోసినవాళ్ళ భుజాలు కూడా తేలికపడతాయి. ఇది పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు, కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ ఆమే చెబుతుంది.

తొమ్మిదో మ్యాచ్ ఓడిన మర్నాడు పొడుగక్క తన చొక్కా తనే పట్టుకొచ్చింది. పన్నెండేళ్ళుగా ఏడో నంబరు ఆమెదే. ఎడమ పక్కనుంచి ఆమె పరుగందుకుంటే అవతలి జట్టు కోచ్ కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. అలాంటి మనిషికి ఇప్పుడు కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. జడ వేసుకోలేక జుట్టు కత్తిరించేసుకుంది.

“ఇది జాగ్రత్త పిన్నీ,” అంది చొక్కాను బల్లమీద దించి. బల్ల కిర్రుమంది. “పిల్లల్ని దింపుతున్నారట కదా. దీన్ని కాస్త ఒడుపు తెలిసినదానికి ఇప్పించు. నా చెయ్యి మళ్ళీ లేచిందంటే అది దాని చలవే.”

“అలాగేలేవే. కూర్చో, టీ తాగి వెళ్దువుగాని.”

“ఎడమ చేత్తో తాగడం ఇంకా అలవాటవ్వలేదు. మీదంతా ఒలకబోసుకుంటాను, మళ్ళీ నీకే ఉతుకుడు.” నవ్వుతూనే వెళ్ళింది గానీ, గుమ్మం దాటాక భుజం పట్టుకుని కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. పిన్ని చూడనట్టు పంపు తిప్పుకుంది.

ఆ సాయంత్రమే కోచ్ జూనియర్లలోంచి ముగ్గురిని పిలిచాడు. ఇంకొక్కటి ఓడితే జట్టు లీగ్‌లో ఉండదు, లీగ్‌లో లేని జట్టును మిల్లు పోషించదు. పెద్దవాళ్ళ భుజాలు అయిపోయాయి, పిల్లల భుజాలు ఇంకా కొత్తవి, ఆ బరువుతోనే ఒక్కటి గుంజుకొస్తే గండం గడుస్తుందని ఆయన ఆశ. ఆ ముగ్గురిలో ఒకతె పిన్ని కూతురు. పదిహేడేళ్ళు. బంతితో గిర్రున తిరిగి ఎదుటి మనిషిని బోల్తా కొట్టిస్తుందని అందరూ బొంగరం అంటారు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పిల్లకు ఒకటే కోరిక, మిల్లు జట్టు చొక్కా. జ్వరం వచ్చి మూసిన కన్ను తెరవకపోయినా హాకీ స్టిక్ పక్కలో ఉండాల్సిందే.

“అమ్మా, ఏడో నంబరు,” అంది రేకుల గదిలోకి దూసుకొచ్చి. ఏడుపూ నవ్వూ కలిసిపోయి తల్లి కొంగులో ముఖం దాచుకుంది.

“మంచిదే. చేతులు కడుక్కుని అన్నం తిను,” అంది పిన్ని.

కూతురు వెళ్ళాక పిన్ని ఆ చొక్కాను ఒళ్ళోకి తీసుకుంది. తొడలు నొక్కుకుపోయాయి. తొమ్మిది ఓటములు. బొంగరం ఒళ్ళంతా కలిపి చూసినా నలభై కిలోలు లేదు. పదోదీ ఓడితే? పద్దెనిమిదేళ్ళు నిండకుండానే ఆ పిల్ల గోడకు ఆనుకుని భుజం పట్టుకుంటే? పిన్ని మనసు ఒక పట్టాన నిలవలేదు. బీరువాలో నంబరు కుట్టని కొత్త చొక్కా ఒకటి ఉంది. తలుపు గడియ వేసింది, కత్తెర తీసింది, పాత చొక్కామీది ఏడు అంకెను కుట్టు కుట్టుగా విప్పి కొత్తదానిమీద కుట్టేసింది. పొడుగక్క గుర్తు రాలేదా అంటే వచ్చింది. పొడుగక్క చెయ్యీ గుర్తొచ్చింది. ఆ చెయ్యి తన కూతురిది కాదు కదా అనుకుంది. తప్పే. తప్పని తెలిసే చేసింది.

పాత చొక్కాను నాలుగు ముక్కలు చేసి, చేతిబండిమీద తోసుకుపోయి మిల్లు పేలికల కుప్పలో కలిపేసింది. అక్కడ పాత బట్టలన్నీ నానబెట్టి గుజ్జు చేసి కాగితం తీస్తారు. ఆ వారం గుజ్జు తొట్టిలో తెడ్డు రెండుసార్లు విరిగింది. వచ్చిన కాగితం కట్ట ఎత్తబోయి గుమాస్తా నడుం పట్టేసింది. “తడి ఆరకుండానే కట్టలు కట్టేస్తున్నారు, బొత్తిగా శ్రద్ధ లేదు,” అని పనివాళ్ళ మీద ఎగిరి, ఆ సరుకంతా అదే రోజు లారీ ఎక్కించేశాడు.

పదో మ్యాచ్ రోజున మిగతా ఇద్దరు పిల్లలూ చొక్కా తలమీదనుంచి దించుకోగానే మోకాళ్ళు వంగాయి. పెద్దవాళ్ళు పట్టుకుని నిలబెట్టారు. బొంగరం మాత్రం చకచకా వేసుకుని లేసు కట్టుకుంటోంది.

“నాది తేలిగ్గా ఉందేంటమ్మా?”

“నీ ఒంట్లో సత్తువ ఉందిలే. మాటలు తర్వాత, ముందు లేసు గట్టిగా కట్టుకో.”

ఆట గురించి ఏం చెప్పేది. పదిమంది పళ్ళు బిగించి బరువు ఈడ్చుకుంటూ పరిగెత్తుతుంటే, ఎడమ పక్కన ఒక్క పిల్ల గిరగిరా తిరుగుతూ దూసుకుపోయింది. మొదటి సగంలో ఒకటి కొట్టింది. అవతలివాళ్ళు ఒకటి తిరిగి ఇచ్చారు. ఇక నాలుగు నిమిషాలుందనగా గోల్ ముందు ఇద్దరిని తప్పించి, నేలబారుగా ఇంకొకటి కొట్టింది. రెండు ఒకటి. ఈల మోగగానే పదిమంది నడుములూ ఒక్కసారి నిటారుగా లేచాయి. బరువుతో నెలరోజులుగా కూర్చుని లేవడానికే ఆపసోపాలు పడుతున్న గోల్‌కీపర్ పిల్లిమొగ్గ వేసింది. చొక్కాలు పిల్లలకిచ్చి బయట బల్లమీద కూర్చున్న ఇద్దరు పాతవాళ్ళు భుజాలు ఎగరేసి చూసుకుని ఒకరినొకరు వాటేసుకున్నారు. మూడో మనిషి పొడుగక్క. చెయ్యి ఎత్తబోయింది. భుజం దాకా వచ్చి ఆగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ అక్కడే ఆగింది.

మైదానం మధ్యలో బొంగరం సంతోషంతో ఎగిరింది. ఎగిరిన పిల్ల కిందికి రావడానికి చాలాసేపు పట్టింది.

గెలుపు వచ్చి తొమ్మిది ఓటముల బరువు దించాలి. ఏడో నంబరు చొక్కాలో దించడానికి ఏమీ లేదు. లేకపోతే ఊరుకుంటుందా, పిల్లలోంచే దించుకుంది. ఆ సంగతి పిన్నికి అక్కడికక్కడే అర్థమైంది.

మర్నాటి నుంచి బొంగరం నడిస్తే పాదం ముద్ర పడటం మానేసింది. గాలి వీస్తే గుమ్మం పట్టుకోవాలి. అవన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు, స్టిక్ ఎత్తి బంతిని కొడితే బంతి ఉన్నచోటే ఉంది, పిల్లే వెనక్కి కొట్టుకుపోయింది. నడుముకి ఇసుక సంచులు కట్టి చూశారు. ఇసుక బరువు ఇసుకదే, దెబ్బలోకి రాలేదు. రెండు వారాలు పొద్దునా సాయంత్రం ఒక్కతే మైదానంలో కొడుతూనే ఉంది, అరచేతులు చిట్లిపోయాయి, బంతి మాత్రం కదల్లేదు.

కోచ్ రేకుల గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. “చొక్కా మార్చావా పిన్నీ?”

పిన్ని తల దించుకునే చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. “నన్నేమైనా అనండి. దాన్ని మాత్రం ఆడించండి. ఓడితే చొక్కా బరువెక్కుతుంది కదా, ఆ బరువుతోనైనా మామూలుగా అవుతుంది.”

“తొమ్మిది ఓడాలి. మొన్న చచ్చీ చెడీ గెలిచినవాళ్ళని నీ కూతురికోసం తొమ్మిదిసార్లు ఓడమని ఏ ముఖం పెట్టుకుని అడగను?” ఆయన తొట్టి అంచుమీద కూర్చున్నాడు. “నీ పిల్ల బంగారం పిన్నీ. ఇరవై ఏళ్ళలో నేను అలాంటి కాళ్ళు చూడలేదు. కానీ అడగలేను.”

పిన్ని లారీ పోయిన దారంతా పట్టుకుని తిరిగింది. ఆ చొక్కా బరువు కలిసిన కాగితం నాలుగు ఊళ్ళకు పంచేశారు. బడి పిల్లల నోటుపుస్తకాలు కుట్టారు, ఆఫీసు కవర్లు అంటించారు. ఎవరినని అడుగుతుంది, ఏమని అడుగుతుంది? ఉత్తచేతులతో తిరిగొచ్చి ముందు పొడుగక్క ఇంటికి వెళ్ళింది. ఉన్నదంతా చెప్పింది.

పొడుగక్క ఎడమ చేత్తో కుడి భుజం నిమురుకుంది. “ఆ తొమ్మిది ఓటములూ నావి పిన్నీ. నీ కూతురు కొట్టిన ఆ రెండో గోలు, అదే చొక్కాతో కొట్టి ఉంటే నా చెయ్యి లేచేది, దాని కాళ్ళు నేలమీద ఉండేవి. కొట్టేది కూడా. నాకు నమ్మకముంది.” తర్వాత, “ఇక వెళ్ళు. నాకు కోపం వచ్చేలోపు వెళ్ళు,” అంది.

ఇంట్లో బొంగరం మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. పిన్ని నేలమీద చతికిలబడి కూతురికీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల తల్లి ముఖంలోకే చూసింది.

“నేను మోయలేననుకున్నావా అమ్మా?”

“మోస్తావనే భయపడ్డానే.”

తిట్టి ఉంటే పిన్నికి కాస్త ఊపిరి ఆడేది. రెండు రోజులకు కోచ్ ఏడో నంబరును మరో జూనియర్‌కి ఇచ్చాడు. ఆ చొక్కా ఉతికి, మడత పెట్టి, పిన్నే ఆ పిల్ల చేతిలో పెట్టింది.

బతకాలి కదా, ఏదో ఒక పని చెయ్యాలి. మిల్లులో తడి కాగితాలు ఆరబెట్టే గది ఉంది, మూడు అంతస్తుల ఎత్తు, కప్పు దాకా దండేలు. పై వరసలకు నిచ్చెన వేసి ఎక్కాలంటే పనివాళ్ళకు గుండె జారిపోతుంది. మేస్త్రీ బొంగరాన్ని చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. నడుముకి తాడు కట్టుకుని, నేలను ఒక్క తన్ను తన్ని, ఆ పిల్ల నేరుగా పై వరసకు పోతుంది, కిందనుంచి తాడు లాగితే దిగుతుంది. కింద కాగితాలు పొడుగాటి గడకర్రకు తగిలించి అందించేవాళ్ళు కావాలి. ఉతుకుడు అయ్యాక మధ్యాహ్నాలు ఆ పని పిన్ని అడిగి వేయించుకుంది.

పైన కప్పు దగ్గర గాలికోసం ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి మైదానం కనిపిస్తుంది. సీజను ఆఖరి మ్యాచ్ రోజున మిల్లు మిల్లంతా అక్కడే ఉంది, ఆ గదిలో తల్లీ కూతుళ్ళు తప్ప ఎవరూ లేరు. తడి కాగితం వాసన, తాడు రాసుకునే చప్పుడు. పిన్ని అందిస్తోంది, పిల్ల ఆరేస్తోంది. ఎంతయిందని అడగాలని పిన్నికి నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు.

దూరంగా ఈల మోగింది. కేకలు వినిపించాయి. పైన చేతులు ఆగాయి.

“గెలిచాం,” అంది బొంగరం.

పిన్ని తలెత్తి చూసింది. పిల్ల ముఖం కిటికీ వైపుంది, కనపడలేదు. ఏదో ఒకటి అనాలి గనక, “దిగు తల్లీ, అన్నం తిందాం,” అంది.

“నువ్వు తినమ్మా. నేను దిగాలంటే ఎవరో ఒకరు లాగాలి కదా. ఈ వరస అయ్యాక లాగుదువుగాని,” అంది ఆ పిల్ల, కాగితంకోసం చెయ్యి కిందికి చాపి.