ఫార్మాట్ కొట్టని కంప్యూటర్

మెదక్ చర్చి దారిలో ఉన్న పరమేశ్ డీటీపీ సెంటర్‌లో కంప్యూటర్ మొండికేసింది. నల్లటి తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు. ఎన్నిసార్లు ఆపి వేసినా అవే. అక్కడ టైపు చేసే క్రిస్టినా దాని ముందు తల పట్టుకుని కూర్చుంది.

చేతులారా చేసుకున్నది మరి. వాళ్ల తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప నడవదు. ఆ విండోస్‌లో ఇంటర్నెట్ తెరుచుకోదు. రెండు పనులూ ఒకే కంప్యూటర్లో అవుతాయని పొద్దున దాని పక్కనే లినక్స్ అనే మరో సిస్టం కూడా ఎక్కించింది. ఎక్కించినంతసేపూ బుద్ధిగా ఉన్న యంత్రం, ఆపి మళ్లీ వేసేసరికి రెండింట్లో ఏదీ తెరవనంది.

పోతే పోనీ అనుకోవడానికి లేదు. సౌభాగ్యమ్మ పాటల పుస్తకం అందులోనే ఉంది. చదువు రాని ఆ పెద్దావిడ సొంతంగా కట్టి పాడిన పాటలవి. నెలల తరబడి ఆమె పాడుతుంటే వింటూ క్రిస్టినా నేరుగా టైపు చేసింది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. జాగ్రత్త కోసమని కాపీ తీసింది గానీ, మహాతల్లి దాన్నీ అదే డిస్క్‌లో దాచింది. పుస్తకం రేపే ప్రెస్సుకు పోవాలి.

“ఫార్మాట్ కొట్టిద్దాం తియ్యి,” అన్నాడు పరమేశ్. మన దగ్గర కంప్యూటర్ తుమ్మినా దగ్గినా అదొక్కటే మందు. “మెకానిక్‌కు ఫోన్ చేసిన, వస్తుండు.”

“కొడితే పాటలన్నీ పోతయన్నా!”

“మల్ల పాడిచ్చుకో. గిరాకీ వాపస్ పోతుంది, జర సూడు.”

క్రిస్టినాకు ఒళ్లు మండింది. అంతలో ఫోన్ మోగింది. పొద్దున ఫ్లెక్సీ కోసం ఫొటోలు తెచ్చిచ్చి, పని కాగానే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోయిన కుల్చారం ఊరి ఎల్లం.

“ఏందక్కా, నా పెన్‌డ్రైవ్‌ల వైరస్ ఎక్కిచ్చినవ్? ఫొటోల నడుమ గ్రబ్ అని ఏదో ఫోల్డర్ ఉన్నది. డిలీట్ కొడుతున్న.”

“కొట్టకు!” ఆమె కేకకు పరమేశ్ ఉలిక్కిపడ్డాడు. “ముట్టకు తమ్మీ! గట్లనే పట్కరా. నీకు పుణ్యముంటది.”

తెర మీదున్న మాటే ఎల్లం నోట వచ్చింది. ఇక తెలియకేం? లినక్స్ ఎక్కిస్తున్నప్పుడు ఎల్లం పెన్‌డ్రైవ్ పెట్టే ఉంది. బూట్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలని కంప్యూటర్ అడిగితే, తొందరలో దాన్నే చూపించింది. ఏ సిస్టం తెరవాలో చెప్పే ఫైళ్లన్నీ ఎల్లంతో పాటు బండెక్కి కుల్చారం పోయాయి.

ఎల్లం సణుగుతూనే వచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేయగానే తెర మీద లినక్స్, విండోస్ పేర్లు రెండూ కనబడ్డాయి. “అయిపాయె గదా,” అన్నాడు పరమేశ్.

“ఇంకా కాలే.” లినక్స్ తెరిచి, ఆ ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసింది. సిస్టం పేర్లు చూపించే ఆ గ్రబ్‌ను మళ్లీ అక్కడే ఇన్‌స్టాల్ చేసింది. కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ పీకి ఎల్లం చేతిలో పెట్టింది. అసలు పరీక్ష ఇప్పుడే. స్విచ్ వేసింది.

రెండు పేర్లూ వచ్చాయి! విండోస్ తెరిచింది. పాటలు ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. క్రిస్టినా కుర్చీలోంచి లేచి ఈలేసింది. చర్చిలో సండే స్కూలు చెప్పే మనిషి ఈలేయడం చూసి ఎల్లం నోరు తెరిచాడు.

అప్పుడే మెకానిక్ బ్యాగుతో లోపలికొచ్చాడు. “అన్నా, దేన్ని కొట్టాలె ఫార్మాట్?”

పరమేశ్ చేయి అడ్డం పెట్టాడు. “దాని దిక్కు పోకు. చాయ్ తాగి పో.”

క్రిస్టినా వాళ్లకేసి చూడలేదు. సౌభాగ్యమ్మకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, మొదటి పాట గొంతెత్తి చదవసాగింది.