వేలి మీద పప్పుతేట

శీతల్ అయిదోసారి సబ్బుతో చేతులు కడుక్కుని, చూపుడువేలు గోరువెచ్చని పప్పుతేటలో ముంచింది. ఒడిలో రెండేళ్ల ఋతుజ. ముక్కులో గొట్టం. పుట్టినప్పటి నుంచి పాలు అందులోంచే. మింగడానికి అడ్డేమీ లేదని, భయమే పోవాలని, చెంచా చూస్తేనే ఏడుస్తోంది కాబట్టి ముందు వేలితో పెదవికి రుచి తగిలించమని, బలవంతం మాత్రం చేయొద్దని ఆసుపత్రి మేడమ్ చెప్పింది. సోమవారానికల్లా నోటితో ఏమీ తీసుకోకపోతే పొట్టకు రంధ్రం చేసి గొట్టం అక్కడ పెడతారట. ఇంకా నాలుగు రోజులు.

వేలు దగ్గరికి రాగానే పిల్ల మొహం తిప్పేసుకుంది. నెల రోజులుగా ఇంతే.

"కన్నతల్లి చెయ్యంటెనే వద్దంటది పోరి. నీల్నే ఏదో ఉన్నది," అంది అత్త రాజమ్మ. కుంఠా నాకా పేటలో మగ్గం నడిపే భర్త మంగేశ్‌ను ఒక్కపూట పిల్లకు రుచి చూపించమంటే, "మేడమ్ నేర్పింది నీకు, నాకు గాదు" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఏం చేయాలో తోచక శీతల్ వేలికి మిగిలిన తేట తనే నాకింది. ఉప్పు తగిలింది. దాని వెనకే చేదు. మళ్లీ నాకింది. తంబాకు. పెళ్లికి ముందు నుంచీ చుడుతున్న బీడీల చేదు, ఏ సబ్బుకూ లొంగకుండా చర్మంలోకి దిగిపోయింది. పెళ్లయిన వారం, అందరూ పట్టుబడితే తను ముద్ద పెట్టిన రోజు గుర్తొచ్చింది. మంగేశ్ మొహం చిట్లించి, నీ చెయ్యి చేదున్నదే అన్నాడు. అంతా నవ్వారు. తనూ నవ్వింది. ఆ తర్వాత అతను ఎన్నడూ ఆమె చేత్తో తినలేదు. అంటే ఈ చేదు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"నీకు ఎర్కనే గద అత్తా?"

రాజమ్మ మూలనున్న తంబాకు చాట వైపు చూసింది. "బీడీలు బంద్ వెట్టి ఏం తింటమే?"

సాయంత్రం మంగేశ్ రాగానే చేతులు కడిగించి, పిల్లను అతని ఒడిలో కూర్చోబెట్టి గిన్నె అందించింది.

"నాకు రాదే."

"నాకు గుడ రాకుండె."

మంగేశ్ వేలు తేటలో ముంచి పెదవి దగ్గర పెట్టాడు. పిల్ల ఆ వేలిని వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నాలుక బయటపెట్టి నాకింది. గుటక వేసింది. శీతల్ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. నెల రోజులు ఎదురుచూసిన గుటక, తన వేలికి మాత్రం కాదు.

"పొద్దుగాలోసారి, మాపటికోసారి. ఇగ ఇది నీ పనే."

"ఎన్నొద్దులే?"

తంబాకు చాట ఒడిలోకి లాక్కుని, ఆమె బీడీ చుట్టడానికి మొదటి ఆకు తీసింది.

"నా చేతి చేదు వోయేదాంక."